ఎవరండీ ఇక్కడ సోమరి?

తెలుగువాళ్ళకి కష్టపడే మనిషిని మెచ్చుకోవడానికి మాటలు బహు తక్కువ. కష్టజీవి అంటాం, రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు అంటాం, అక్కడితో సరి. అదే పని చెయ్యనివాణ్ణి తిట్టాలంటే మాత్రం నోటికి అడ్డూ ఆపూ ఉండదు. సోమరి, సోమరిపోతు, సోంబేరి, బద్ధకస్తుడు, పనిదొంగ, ఒళ్ళు వంగనివాడు, పనికిమాలినవాడు, పోరంబోకు, ఆవారా, కుంభకర్ణుడు! ఇరుగుపొరుగు భాషల నుంచి కొన్నీ, పురాణాల్లోంచి కొన్నీ, ఎక్కడ దొరికితే అక్కడ అప్పు తెచ్చుకుని మరీ పోగేసుకున్నాం.

తెచ్చుకుంటే తెచ్చుకున్నాం. భాషన్నాక అప్పులు తప్పవు. ఆ మాటల్ని ఎవరిమీద వాడుతున్నాం అన్నదే నా తగాదా. ఇరవై ఏళ్ళుగా కథలూ నవలలూ రాసుకుంటూ, మాటల్ని అటూ ఇటూ తిప్పి చూడటమే పనిగా బతుకుతున్నదాన్ని. నేను చూసినంతలో ఈ సోమరి అన్న మాట ఎప్పుడూ పైనుంచి కిందకే పడుతుంది. కిందనుంచి పైకి ఒక్కసారి కూడా లేచిన పాపాన పోలేదు. యజమాని కూలీని అంటాడు, అత్త కోడల్ని అంటుంది, మేనేజరు కుర్రాణ్ణి అంటాడు. కూలీ యజమానిని "మీరు సోమరండీ" అనగా ఎవరైనా విన్నారా?

ముందు ఈ మాటల సంగతి కాస్త చూద్దాం.

సోమరిపోతునే తీసుకోండి. పోతు అంటే మగ జంతువు. దున్నపోతు, మేకపోతు. ఆ లెక్కన ఇది మగవారికి కుట్టించిన చొక్కా. భాషను కూర్చిన పెద్దలు ఏదో తెలిసే కుట్టి ఉంటారు. కానీ వాడుకలో ఏమవుతోందీ? పొద్దున్న ఏడింటికి లేచిన కోడలు సోమరిపోతు. పదింటికి లేచిన కొడుకు మాత్రం, పాపం, రాత్రంతా అమెరికావాళ్ళతో మాట్లాడి అలిసిపోయిన బిడ్డ! ఆ కోడలు కూడా ఆ రాత్రి అదే అమెరికాతో, ఇంకో గదిలో కూర్చుని, రెండింటిదాకా మాట్లాడిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నల్లగండ్లలో ఇలాంటి ఇళ్ళు నేను ఎరిగినవే అరడజను ఉన్నాయి.

బద్ధ అంటే సంస్కృతంలో కట్టివేయబడిన అని అర్థం. బద్ధకం అన్నప్పుడల్లా నాకు ఆ కట్లే కనపడతాయి. కదలనివాణ్ణి చూసి "ఏం మాయరోగం?" అని అడుగుతాంగానీ, "ఎవరు కట్టేశారు నాయనా?" అని ఎవరం అడగం.

ఇక ఆలస్యం. ఇది మరీ చిత్రమైన మాట. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనమే. అలసుడంటే సోమరి. మన తెలుగులోకి వచ్చేసరికి దానికి జాగు, జాప్యం అన్న అర్థం మిగిలింది. అంటే ఏమిటన్నమాట? వేళకు రానివాడు సోమరే అయి ఉంటాడని మన భాషలోనే ఒక తీర్పు దాగి ఉంది. నల్లగండ్ల నుంచి హైటెక్ సిటీ దాకా పొద్దున్న తొమ్మిదిన్నరకి కారులో గానీ బస్సులో గానీ వెళ్ళి చూసినవాళ్ళు ఆ తీర్పుని ఒప్పుకోరు. రెండు గంటల ముందు బయలుదేరినా ఆలస్యమవుతుంది. సోమరితనం మనిషిది కాదు, రోడ్డుది.

కుంభకర్ణుడి సంగతి తలుచుకుంటే నాకు నిజంగా జాలేస్తుంది. ఆయన నిద్ర ఆయన కోరి తెచ్చుకున్నది కాదు, వరమడగబోతే నాలిక తిరగబడి నెత్తినపడ్డ శాపం. పోనీ లేచాక ఏం చేశాడూ? అన్నగారు చేసింది తప్పని ముఖంమీదే చెప్పి, అయినా అన్న కోసం యుద్ధానికి వెళ్ళి, ఆ రోజే ప్రాణం విడిచాడు. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాణ్ణి పట్టుకుని ఇన్ని యుగాలుగా సోమరి అంటున్నాం! అదే ఊర్మిళాదేవి పధ్నాలుగేళ్ళు నిద్రపోయింది. మన ఆడవాళ్ళు ఆమె నిద్రమీద పాటే కట్టుకుని పాడుకున్నారు. ఆమెను ఎవ్వరూ సోమరి అనలేదు. ఎందుకంటే అడవిలో మేలుకుని కాపలా కాసే భర్త వంతు నిద్ర కూడా ఆవిడే పోయిందని చెప్పుకుంటారు. ఆడది హాయిగా పడుకోవాలన్నా అది ఇంకొకరి పని అయి ఉండాలి. అప్పుడే క్షమిస్తారు.

సామెతలూ అంతే. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట! అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వాలో నాకు ఎప్పుడూ అర్థంకాదు. అతనికి పని లేకపోవడం అతని తప్పా? బేరం రాలేదు. బేరం రాకపోయినా చెయ్యి ఊరుకోక పిల్లినైనా పట్టుకున్నవాడు సోమరి ఎలా అవుతాడండీ? ఆ ఊళ్ళో గడ్డాలు పెంచుకుని అరుగులమీద కూర్చున్న పెద్దమనుషుల మీద ఒక్క సామెత రాలేదు. ఒక పూట బేరం లేని చేతివృత్తివాడి మీదికి వచ్చింది, అదీ కులం పేరుతో సహా. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయనేది ఇంకొకటి. నిజమే. కానీ కొండలున్నవాడికి కదా ఆ మాట చెప్పాలి! మనం మాత్రం గులకరాయి కూడా లేనివాడికి చెబుతాం.

ఇక అసలైన అన్యాయం నిరుద్యోగి అన్న మాటలో ఉంది. ఉద్యోగం అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం ఉంది కదా, తిక్కనగారు తెలుగు చేసినది. అందులో ఎవరూ నెలజీతానికి చేరలేదు. సంధికోసం రాయబారాలూ, యుద్ధానికి సన్నాహాలూ, అదే అక్కడి ఉద్యోగం. మనం ఆ మాటను తెచ్చి నెలజీతానికి కట్టేశాం. దాంతో జీతంలేనివాడు నిరుద్యోగి అయ్యాడు, అంటే అక్షరాలా ప్రయత్నమే లేనివాడు! రోజుకు పది చోట్లకు దరఖాస్తులు పంపుతూ, పిలుపుకోసం ఫోను చేతిలో పట్టుకుని నిద్రపోయే కుర్రాణ్ణి ప్రయత్నం లేనివాడు అనడంకన్నా అబద్ధం ఇంకేముంది?

మా వైపు దీనికి ఇంకో మాట వచ్చింది. బెంచి. ఐటీ కంపెనీలో పాత ప్రాజెక్టు అయిపోయి కొత్తది ఇంకా ఇవ్వకపోతే మనిషి "బెంచి మీద" ఉన్నట్టు. మన బళ్ళలో బెంచీ ఎక్కించడం శిక్ష కదా, ఇదీ దాదాపు అంతే. మా పై అంతస్తులో ఒక అబ్బాయి రెండు నెలలుగా బెంచిమీద ఉన్నాడు. ప్రాజెక్టు ఇవ్వాల్సింది కంపెనీ, ఇవ్వనిదీ కంపెనీయే. అయినా ఆ పిల్లాడు దొంగతనం చేసినవాడిలా తిరుగుతున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. చుట్టాలు ఫోన్ చేస్తే వాళ్ళమ్మ "మీటింగులో ఉన్నాడండీ" అంటుంది. ఒక రోజు లిఫ్టులో నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే, "ఖాళీగా లేనాంటీ, కోర్సు చేస్తున్నా" అన్నాడు. ఇరవై అయిదేళ్ళ పిల్లాడు, ముక్కూ ముఖం సరిగా తెలియని పక్కింటావిడకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు! అంత భయపెట్టింది ఏమిటీ? ఎవరో ఒకరు సోమరి అనేస్తారేమోనన్న బెదురు. ఆ మాట ఇంకా పడలేదు, పడకముందే మనిషి వంగిపోయాడు.

ఈ బెదురు పెట్టేవాళ్ళు పెద్దపెద్దవాళ్ళు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తిగారు, దేశం ముందుకు పోవాలంటే యువతరం వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు మాట్లాడిన వీడియో ఒకటి బయటికి వచ్చింది. ఆయన లెక్క 90 గంటలకు వెళ్ళింది. ఆదివారాలు కూడా మీచేత పనిచేయించలేకపోతున్నందుకు విచారిస్తున్నానని ఆయన సెలవిచ్చారు. ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారు, భార్యలైనా ఎంతసేపని భర్తల ముఖం చూస్తారు అని కూడా అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు అర్హత ఉందనుకుంటాను, నేనూ ఒకరి భార్యనే. అయ్యా, మీరు అనుకుంటున్నట్టు ఆదివారాలు మేం ముఖాలు చూసుకుంటూ కూర్చోం. మా వారికి నా ముఖం చూసే తీరిక దొరకదు, నాకు నా ముఖమే అద్దంలో చూసుకునే తీరిక దొరకదు. వారంరోజుల బట్టలు ఆదివారమే ఉతుకుతాం. ఇడ్లీపిండి ఆదివారమే రుబ్బుతాం. పిల్లవాడి స్కూలు ప్రాజెక్టుకి అట్టముక్కలు ఆదివారం రాత్రి తొమ్మిదింటికే కావాల్సి వస్తాయి, అదేం చిత్రమో! మామగారి మాత్రలు డబ్బాలో సర్దేదీ ఆదివారమే.

ఆ 90 గంటల్ని ఏడు రోజులకు పంచితే రోజుకు దాదాపు 13 గంటలు. 13 గంటలు ఆఫీసులో, రెండు గంటలు రోడ్డుమీద. మిగిలిన తొమ్మిదిలో నిద్ర. మరి ఆ మనిషి తిన్న కంచం ఎవరు కడిగారు? చొక్కా ఎవరు ఉతికారు? జ్వరం వచ్చిన పిల్లను ఎవరు ఎత్తుకున్నారు? వారానికి 90 గంటలు పనిచేసే మగవాడు ఒక్కడు ఉన్నాడంటే, అతని వెనక ఇంకో 90 గంటలు పనిచేసే ఆడమనిషి ఒకతె ఉన్నట్టే. ఆవిడకు ఛైర్మన్ లేడు, జీతంలేదు, ఆవిడ గంటలు ఏ ఉపన్యాసంలోనూ రావు. పైగా ఆవిడ పేరు "ఖాళీగా ఇంట్లోనే ఉంటుంది"!

ఇది నా ఊహ కాదు. ప్రభుత్వంవారే లెక్క కట్టించారు. 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో తేలిందేమిటంటే, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతున్నారు. అంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ 97 కూడా ఇంటిపని ముట్టుకున్న మగవారి సగటు మాత్రమే. అసలు ముట్టుకున్నవారు నూటికి 26 మంది. మళ్ళీ 2024లో లెక్కపెట్టారు. ఆడవాళ్ళకి 289 అయింది, మగవారికి 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వారికి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. సమానత్వమంటే ఇదే కాబోలు!

ఇంత చేసినా జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే ఆడదాన్ని "పని చెయ్యనివారు" అన్న పట్టికలోనే రాస్తూ వచ్చారు. వేశ్యలనూ, బిచ్చగాళ్ళనూ, ఖైదీలనూ చేర్చిన వర్గంలోనే గృహిణులనూ చేర్చడమేమిటని 2010లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద నష్టపరిహారం కేసులో గట్టిగానే మందలించింది. 2021 జనవరిలో మన తెలుగువారే, తరవాత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఎన్.వి. రమణగారు అలాంటిదే మరో కేసులో తీర్పు రాస్తూ, ఆ 299 నిమిషాల లెక్కనే ముందు పెట్టారు. ఇంటావిడ పని పని కాదనే ఊహను విడిచిపెట్టాలన్నది ఆ తీర్పు సారాంశం. చూశారా, ఆడదాని పనికి విలువ ఎప్పుడు తెలిసిందో! ఆమె లారీకింద పడి చనిపోయాక, ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఎంతివ్వాలన్న పేచీ వచ్చాక. బతికున్నప్పుడు ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అంటే, పాపం ఆవిడే "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అని నవ్వి ఊరుకుంటుంది. ఈ "ఏమీ లేదండీ" అన్న మాట నా చేతిలో ఉంటే నిషేధించి పారేస్తాను.

ఇక మెట్టు దిగి చూద్దాం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని పక్కబ్లాకులో ఒకావిడ సోంబేరి అందట. ఒక రోజు నాగా పెట్టినందుకు. ఆ అమ్మాయి గిన్నెలు తోముతూ తోముతూ చెప్పింది: "నేను సోంబేరినా అమ్మా? పొద్దుగాల నాలుగింటికి లేస్త. మా ఇంట్ల వంటజేసి, పోరగాండ్లకు డబ్బాలు గట్టి, గోపన్‌పల్లి కెల్లి నడిసొస్త. ఆరిండ్లు జేస్త. ఒక్కదినం జరమొస్తే సోంబేరినైతనా? ఆమె దినాం పదింటికి లేస్తది. మరి ఆమెనేమనాలె?" దీనికి నేనేం చెప్పను? తెలుగులో మాట ఉంది, వాడే ధైర్యమే లేదు. నాకు లేదూ, ఆ అమ్మాయికీ లేదు. నెల తిరిగితే డబ్బు ఇచ్చేది ఆవిడ కదా.

లింగంపల్లి వైపు పొద్దున్న ఆరున్నరకి కూలీల అడ్డా ఒకటి చూస్తుంటాను. పాలమూరు జిల్లావాళ్ళు, ఒడిశావాళ్ళు, బీహారువాళ్ళు, పారలూ తట్టలూ పట్టుకుని నిలబడి ఉంటారు. మేస్త్రీలు వచ్చి కొందర్ని ఎక్కించుకుపోతారు. పదిగంటలకు మిగిలినవాళ్ళు ఫుట్‌పాత్ మీద చతికిలబడతారు. ఆ వేళకు ఏసీ కార్లలో వెళ్ళేవాళ్ళకు కనిపించేది వాళ్ళే. "చూడండి, పని చెయ్యమంటే చెయ్యరు, ఊరికే కూర్చుంటారు" అని ఒక పెద్దమనిషి నా ముందే అన్నాడు. ఆయన ఉంటున్న ఇరవై అంతస్తుల మేడ ఎవరు కట్టారనుకుంటున్నాడో! నాగార్జునసాగర్ కట్టిన నాటినుంచీ ఎక్కడెక్కడి ఆనకట్టలకూ రాళ్ళు మోసింది పాలమూరు కూలీలే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు ఈ పక్క లేచిన ప్రతి గోడకూ సిమెంటు మోసింది అలాంటి చేతులే. వాళ్ళు కూర్చున్నది పని అక్కర్లేక కాదు. ఆ రోజుకి వాళ్ళు ఎవరికీ అక్కర్లేకపోయారు.

ఈ తంతు కొత్తదేమీ కాదు. సయ్యద్ హుసేన్ అలతాస్ అనే మలేషియా పండితుడు 1977లో ఒక పుస్తకం రాశాడు, 'ది మిత్ ఆఫ్ ది లేజీ నేటివ్' అని. మలయావాళ్ళు, జావావాళ్ళు, ఫిలిప్పీన్సువాళ్ళు పుట్టు సోమరులని తెల్లదొరలు పుస్తకాలనిండా రాసుకున్నారు. కారణం వెతికితే ఏం తేలింది? మలయా రైతు తన పొలం తాను దున్నుకుంటాడు, చేపలు పట్టుకుంటాడు, దొరగారి రబ్బరు తోటలో కూలికి మాత్రం రాడు. రానివాడు సోమరి! మరి తోటకు కూలీలు కావాలి కదా, తమిళుల్నీ మన శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళనీ ఓడలెక్కించి తీసుకుపోయారు. తన పని తాను చేసుకునేవాడు సోమరి, పరాయివాడి తోటలో వెన్ను విరుచుకునేవాడు బుద్ధిమంతుడు. దొరలు వెళ్ళిపోయారుగానీ ఆ నిఘంటువు మనకు వదిలిపెట్టి వెళ్ళారు.

మనుషుల్నేగాక ఈ మాట నేలను కూడా వదల్లేదు. పోరంబోకు అని తిడతాం కదా, అది అసలు మనిషిపేరు కాదు, భూమిపేరు. తమిళంలో పుఱంపోక్కు. రెవెన్యూ లెక్కల్లో శిస్తు కట్టని భూమి, పన్నుకు వెలుపల ఉన్నది అని. చెరువు, శ్మశానం, పశువుల మేత, బండిబాట, ఇవన్నీ పోరంబోకే. మన తెలంగాణలో చెరువు కడుపుని శిఖం అంటారు, మేతభూమిని గైరాన్ అనీ కంచ అనీ అంటారు. ఆ భూములు ఊరుకున్నాయా? చెరువు నీళ్ళు దాచింది, కంచ పశువుల్ని మేపింది, శ్మశానం చివరికి అందరినీ ఒళ్ళో పెట్టుకుంది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పనిచేసిన నేల అదే. సర్కారుకు శిస్తు మాత్రం కట్టలేదు, ఆ ఒక్క నేరానికి దాని పేరు తిట్టయిపోయింది. 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ చెన్నై దగ్గర ఎన్నూరు కడలిపాయ కోసం ఈ మాటమీదే ఒక పాట పాడారు, తిట్టుని మళ్ళీ గౌరవంగా పలికి వినిపించారు.

మాకు అంత దూరం పోనక్కర్లేదు. నల్లగండ్ల పక్కనే యూనివర్సిటీని ఆనుకుని కంచ గచ్చిబౌలి ఉంది. పేరులోనే కంచ ఉంది చూడండి. అక్కడి 400 ఎకరాల్ని ఐటీ పార్కులకు ఇవ్వాలని 2025 మార్చి చివర్లో ప్రభుత్వం యంత్రాలు దింపి చదును చేయించడం మొదలుపెట్టింది. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. ఆ రోజుల్లో మా అపార్టుమెంటులో నేను విన్న మాట: "ఖాళీగా పడి ఉన్న భూమే కదండీ!" ఖాళీగానా? నెమళ్ళున్నాయి, జింకలున్నాయి, తాబేళ్ళున్నాయి, వాననీటిని పట్టే బండలున్నాయి, ఈ సిమెంటు వేడిలో మనకింత గాలి పంపే చెట్లున్నాయి. వాటికి అద్దెలు వసూలు చెయ్యడం తెలీదు, అంతే. ఇంట్లో ఆడది ఖాళీ, అడ్డామీద కూలీ ఖాళీ, కంచ ఖాళీ. ఎవరి పనికి రసీదు లేదో వాళ్ళందరూ ఖాళీ!

"అయితే లోకంలో సోమరులే లేరంటావా తల్లీ?" అని మీరు అడగవచ్చు. లేకేం, ఉన్నారు. బద్ధకం అనేదీ ఉంది, నాకూ దానికీ మంచి స్నేహం. మధ్యాహ్నం మూడింటికి అరగంట చాపమీద వాలడం నా జన్మహక్కు, ఆ వేళకు సాక్షాత్తూ సంపాదకులవారే తలుపు తట్టినా లేవను. బెర్ట్రండ్ రస్సెల్ 1932లోనే బద్ధకాన్ని పొగుడుతూ వ్యాసం రాశాడు. రోజుకు నాలుగు గంటల పని చాలు, పంచుకుంటే అందరికీ తీరిక దొరుకుతుందన్నాడు. పని రెండు రకాలని కూడా అన్నాడాయన. వస్తువుల్ని అటునుంచి ఇటు జరపడం ఒకటి, జరపమని ఇతరులకు చెప్పడం రెండోది. మొదటిదానికి జీతం తక్కువ, రెండోదానికి ఎక్కువ. సోమరి అనే తిట్టు మాత్రం ఎప్పుడూ మొదటి రకం వాళ్ళకే!

తీరిక అనే మంచి తెలుగు మాట ఉంది మనకి. పని తీరాక వచ్చేది తీరిక. ఎంత మర్యాదగా ఉందో చూడండి. రాత్రంతా గేటు కాసి, తెల్లారి కార్లు తుడిచి, పదింటికి కుర్చీలో కునికే వాచ్‌మన్‌ది తీరిక. శనివారం రిసార్టులో కాళ్ళు బారజాపిన సారుదీ తీరికే, కాదనను. ఇద్దరికీ ఒకటే మాట వాడండి, నాకు పేచీ లేదు. సారుది విశ్రాంతి, వాచ్‌మన్‌ది సోమరితనం అంటేనే ఒప్పుకోను.

ఇక తిట్టు కావాలంటే పనిదొంగ ఉంది, దివ్యమైన మాట. పని ఎగ్గొట్టేవాణ్ణి పనిదొంగ అంటున్నాం. కానీ విడదీసి చూడండి, పనిని దొంగిలించేవాడు అనికూడా కదా! ఇంకొకరు చేసిన పనిని తన పేరున రాసుకునేవాడు, ఇంకొకరు వండింది తిని "నీకేం పని?" అనేవాడు, ఆరిళ్ళపని చేసే మనిషికి ఒక్క జ్వరం సెలవు ఇవ్వకుండా కోత కోసేది, కూలీ కట్టిన మేడమీద నిలబడి కూలీని సోమరి అనేవాడు, వీళ్ళకి ఆ మాట అచ్చంగా సరిపోతుంది. నిఘంటువులు మార్చనక్కర్లేదు, వేలు చూపించే దిక్కు మారిస్తే చాలు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరినైనా సోమరి అనబోతే, ఒక్క క్షణం ఆగి, ఆ పూట మీరు తిన్న కంచం ఎవరు కడిగారో గుర్తు చేసుకోండి. కడిగింది మీరే అయితే నిరభ్యంతరంగా అనండి. కడిగింది వాళ్ళే అయితే మాత్రం, ఆ మాట మింగేసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు మీరే తెచ్చుకోండి.